పోలింగ్ క్యూ ఎందుకు కదలదు?

పోలింగ్ రోజు వార్తలకు ఒక అలవాటు ఉంది. ఉదయం క్యూ పొడవుగా కనిపిస్తే ఓటర్లు ఉత్సాహంతో బారులు తీరారని రాస్తారు. అదే క్యూ చీకటి పడ్డాక కూడా తరగకపోతే ఊహించని రద్దీ వల్ల పోలింగ్ ఆలస్యమైందని రాస్తారు. రెండు చోట్లా క్యూకు కారణం ఓటర్లే అవుతారు. నిజానికి ఓటర్ల రాక అంత ఊహకందనిదేమీ కాదు. ఒక్కో కేంద్రం పరిధిలో ఎంతమంది ఓటర్లున్నారో నిర్వాహకుల చేతిలోని జాబితాయే చెబుతుంది, గత ఎన్నికల్లో వారిలో ఎందరు వచ్చారో పాత రికార్డులు చెబుతాయి, తలుపులు ఎప్పుడు తెరిచి ఎప్పుడు మూయాలో చట్టం చెబుతుంది. రేపు తన గుమ్మం ముందుకు ఎవరెవరు రావచ్చో పేర్లతో సహా ముందే తెలిసే అవకాశం ఆసుపత్రికీ లేదు, రైల్వే స్టేషనుకూ లేదు. ఇంత తెలిసి కూడా జనం గంటల తరబడి నిలబడవలసి వస్తోందంటే, దానికి మూలాన్ని పోలింగ్ రోజున కాక అంతకు నెలల ముందు జరిగిన కేటాయింపుల్లో వెతకాలి. ఎన్ని కేంద్రాలు, ఒక్కో కేంద్రానికి ఎందరు ఓటర్లు, ఎన్ని యంత్రాలు, ఎంతమంది సిబ్బంది అన్న నాలుగు అంకెల్లోనే క్యూ పొడవు చాలావరకు నిర్ణయమైపోతుంది.

లెక్క వేసి చూడడానికి భారతదేశం మంచి ఉదాహరణ, ఎందుకంటే ఇక్కడ పరిమితులు స్పష్టంగా రాసి ఉన్నాయి. ఒక పోలింగ్ కేంద్రానికి 1,500 మందికి మించి ఓటర్లు ఉండకూడదన్న నియమం చాలాకాలం నడిచింది. 2025లో ఎన్నికల సంఘం దాన్ని 1,200కు తగ్గించింది. ఉదయం 7 నుంచి సాయంత్రం 6 దాకా పోలింగ్ అనుకుంటే మొత్తం 660 నిమిషాలు. 1,500 మందిలో 80 శాతం వస్తే 1,200 ఓట్లు పడాలి, అంటే సగటున ప్రతి 33 సెకన్లకు ఒక ఓటరు బయటికి రావాలి. పరిమితి 1,200 అయితే అదే 80 శాతానికి 960 ఓట్లు. ఒక్కొక్కరికి 41 సెకన్లు దొరుకుతాయి. తేడా ఎనిమిది సెకన్లే కదా అనిపిస్తుంది. ఆ ఎనిమిది సెకన్లు క్యూను ఏం చేస్తాయో అర్థం కావాలంటే ముందు లోపల జరిగే పనిని చూడాలి.

భారతీయ పోలింగ్ కేంద్రంలో ఓటరు ఒక్క బల్ల దగ్గర పని ముగించుకుని వెళ్లిపోడు. మొదటి పోలింగ్ అధికారి జాబితాలో పేరు వెతికి, గుర్తింపు పత్రం చూసి, ఏజెంట్లకు వినబడేలా పేరు చదువుతారు. రెండో అధికారి ఎడమచేతి చూపుడువేలికి సిరా పెట్టి, రిజిస్టరులో సంతకమో వేలిముద్రో తీసుకుని చీటీ ఇస్తారు. మూడో అధికారి ఆ చీటీ తీసుకుని కంట్రోల్ యూనిట్ మీద మీట నొక్కితేనే లోపల బ్యాలెట్ యూనిట్ ఓటుకు సిద్ధమవుతుంది. ఓటరు తన మీట నొక్కాక వీవీప్యాట్ గాజు పలక వెనుక ఓటు చీటీ ఏడు సెకన్లు కనిపించి పెట్టెలో పడుతుంది, బీప్ శబ్దం వస్తుంది, అప్పుడే తరువాతి వారికి వంతు. ఇలా ఒకదాని వెనుక ఒకటి వచ్చే పనుల్లో మొత్తం వేగాన్ని నిర్ణయించేది అన్నిటికన్నా నెమ్మదైన ఒక్క పని మాత్రమే. పేరు వెతకడానికి 40 సెకన్లు పడుతుంటే, ఓటు వేయడం 15 సెకన్లలో అయిపోయినా క్యూ 40 సెకన్లకు ఒక అడుగే వేస్తుంది. యంత్రాలు నెమ్మదిగా ఉన్నాయని బయట నిలబడ్డవారు విసుక్కుంటారు గానీ, చాలా సందర్భాల్లో అసలు అడ్డంకి జాబితా బల్ల దగ్గరే ఉంటుంది. వరుస సంఖ్య ఉన్న ఓటరు చీటీ చేతిలో పట్టుకుని రావడం అందుకే చిన్న విషయం కాదు. ఒకే బడిలో పక్కపక్క గదుల్లో వేర్వేరు కేంద్రాలున్నప్పుడు తనది కాని క్యూలో అరగంట నిలబడి వెనుదిరిగే ఓటరుకు సమయం పోవడమే కాదు, అతని పేరు కోసం అధికారి వృథాగా వెతికిన నిమిషం అతని వెనుక ఉన్న ప్రతి ఒక్కరి ఖాతాలోనూ పడుతుంది.

ఇప్పుడు ఎనిమిది సెకన్ల సంగతి. క్యూల గణితానికి పునాది వేసినవాడు డెన్మార్కుకు చెందిన ఏ.కె. ఎర్లాంగ్. కోపెన్‌హాగన్‌లో టెలిఫోన్ కాల్స్ ఎప్పుడు ఎన్ని వస్తాయన్న ప్రశ్నతో మొదలుపెట్టి 1909లో ఆయన తొలి వ్యాసం ప్రచురించాడు. ఆ దారిలో వచ్చిన సూత్రాలన్నీ చెప్పే ముఖ్యమైన మాట ఒక్కటే: సామర్థ్యంలో ఎంత భాగం వాడుతున్నామన్నదాన్ని బట్టి నిరీక్షణ సమానంగా పెరగదు, చివరి అంచుకు చేరేకొద్దీ ఒక్కసారిగా ఎగబాకుతుంది. కారణం సులువే. జనం గడియారం చూసుకుని 33 సెకన్లకొకరు చొప్పున రారు; ఒక నిమిషంలో ఐదుగురు వస్తారు, తరువాతి రెండు నిమిషాలు ఎవరూ రారు. లోపల కూడా ఒకరి పని 20 సెకన్లలో అయితే మరొకరి పేరు దొరకక రెండు నిమిషాలు పడుతుంది. ఖాళీగా గడిచిన క్షణాలను దాచిపెట్టుకుని తరువాత వాడుకునే వీలు లేదు. సామర్థ్యంలో కొంత మిగులు ఉంటేనే ఈ హెచ్చుతగ్గులు సర్దుకుంటాయి.

కేంద్రం లోపల అన్నిటికన్నా నెమ్మదైన పనికి సగటున 30 సెకన్లు పడుతుందనుకుందాం. 33 సెకన్లకు ఒకరు చొప్పున వస్తే ఆ కేంద్రం తన శక్తిలో 91 శాతం వాడుకుంటున్నట్లు. రాకపోకలు యాదృచ్ఛికంగా ఉంటాయనుకునే సాధారణ సూత్రం ప్రకారం సగటు నిరీక్షణ ఐదు నిమిషాలు. 41 సెకన్లకు ఒకరు వస్తే వాడుక 73 శాతం, నిరీక్షణ దాదాపు 80 సెకన్లు. అంటే ఓటర్ల సంఖ్యను ఐదో వంతు తగ్గిస్తే నిరీక్షణ నాలుగో వంతుకు పడిపోయింది. ఇక రెండో వైపు చూస్తే, 1,200 మంది వచ్చే కేంద్రంలో ఒక్కొక్కరికి 30 బదులు 40 సెకన్లు పట్టిందనుకుంటే ఎలాంటి సూత్రాలూ అక్కర్లేదు, కూడికే చాలు: మొత్తం పనికి 13 గంటల 20 నిమిషాలు కావాలి, సాయంత్రం 6కు ముగియవలసిన పోలింగ్ రాత్రి 8.20 దాకా నడుస్తుంది. ఎవరూ తప్పు చేయలేదు, యంత్రం మొరాయించలేదు, ఊహించనంత జనమూ రాలేదు. పది సెకన్ల తేడా వచ్చిందంతే.

ఈ లెక్కలు కూడా కాస్త ఉదారంగా వేసినవే, ఎందుకంటే వాటిలో జనం రోజంతా ఒకే రేటున వస్తారన్న ఊహ ఉంది. వాస్తవంలో తలుపులు తెరవకముందే క్యూ తయారై ఉంటుంది. పనికి వెళ్లేలోగా, ఎండ ముదిరేలోగా ఓటు వేసి రావాలనుకునేవారు అన్ని దేశాల్లోనూ ఉంటారు. తెరిచే వేళకు 150 మంది నిలబడి ఉంటే, ఒక్కొక్కరికి 40 సెకన్ల చొప్పున వారిని మాత్రమే పంపడానికి 100 నిమిషాలు పడుతుంది. ఆ 100 నిమిషాల్లో వచ్చినవారు మళ్లీ వారి వెనుక చేరతారు. అందుకే ఉదయం ఏర్పడిన బారు మధ్యాహ్నం దాకా కరగదు. ఉదయాన్నే యంత్రం పని చేయక అరగంట ఆలస్యమైన కేంద్రం ఆ అరగంటను సాయంత్రం దాకా మోస్తూనే ఉంటుందంటే ఇదే కారణం. అదే అరగంట మధ్యాహ్నం రెండు గంటల వేళ పోతే ఎవరికీ తెలియకపోవచ్చు.

నిరీక్షణను పెంచే మరో కారణం బ్యాలెట్ పొడవు. ఇది నిర్వాహకుల చేతిలో లేని విషయమే, కానీ పోలింగ్‌కు వారాల ముందే తెలిసిపోయే విషయం. 2019 లోక్‌సభ ఎన్నికల్లో నిజామాబాద్ నుంచి 185 మంది పోటీ చేశారు, వారిలో అత్యధికులు తమ పసుపు, ఎర్రజొన్న పంటల సమస్యలను దేశం దృష్టికి తేవాలని నామినేషన్లు వేసిన రైతులు. ఒక బ్యాలెట్ యూనిట్‌లో 16 పేర్లే పడతాయి కాబట్టి నోటాతో కలిపి ఒక్కో కేంద్రంలో 12 యూనిట్లు పేర్చవలసి వచ్చింది. అన్ని యూనిట్ల మీద తనకు కావలసిన గుర్తు వెతుక్కునే ఓటరుకు ఎంత సమయం పడుతుందన్నది అక్కడ నిజమైన ప్రశ్న అయింది. అమెరికాలో ఈ సమస్య మామూలే. అక్కడ ఒకే బ్యాలెట్ మీద దేశాధ్యక్షుడి నుంచి స్థానిక పాఠశాల బోర్డు సభ్యుడి దాకా ఎన్నుకోవాలి, పైగా రాష్ట్ర రాజ్యాంగ సవరణల మీద కూడా అవుననో కాదనో చెప్పాలి. 2012 నవంబరులో ఫ్లోరిడా బ్యాలెట్ మీద అలాంటి సవరణలు 11 ఉన్నాయి. అంతకు ముందు ఏడాదే ఆ రాష్ట్రం ముందస్తు ఓటింగ్ రోజులను 14 నుంచి 8కి కుదించింది. పొడవైన బ్యాలెట్, తక్కువ రోజులు, రెండూ కలిశాయి. అక్కడి మయామీ-డేడ్ కౌంటీలో (కౌంటీ అంటే మన జిల్లా లాంటిది) చివరి ఓటర్లు అర్ధరాత్రి దాటాక ఒంటిగంట తరువాత ఓటు వేశారు. అప్పటికే దేశాధ్యక్షుడెవరో దాదాపు తేలిపోయింది. విజయోపన్యాసంలో బరాక్ ఒబామా చాలాసేపు క్యూలో నిలబడ్డవారికి కృతజ్ఞతలు చెబుతూ, దీన్ని సరిచేయవలసి ఉందన్నారు.

ఆ మాట ఉపన్యాసంతో ఆగిపోలేదు. మరుసటి ఏడాది ఒబామా ఒక కమిషన్ వేశారు. దానికి ఒబామా ప్రచారానికి న్యాయవాదిగా ఉన్న రాబర్ట్ బావర్, ప్రత్యర్థి మిట్ రామ్నీ ప్రచారానికి న్యాయవాదిగా ఉన్న బెంజమిన్ గిన్స్‌బర్గ్ కలిసి నాయకత్వం వహించారు. 2014 జనవరిలో ఇచ్చిన నివేదికలో ఏ ఓటరూ అరగంటకు మించి వేచి ఉండకూడదన్న ప్రమాణాన్ని ప్రతిపాదించారు. నా దృష్టిలో ఆ నివేదిక విలువ అరగంట అన్న అంకెలో కన్నా, క్యూను ప్రకృతి వైపరీత్యంలా చూడడం మానేసి కొలిచి తగ్గించగల పరిపాలనా సమస్యగా చూడడంలోనే ఎక్కువగా ఉంది.

యంత్రాల కేటాయింపు ఎంత నిర్ణాయకమో చెప్పడానికి 2012కు ఎనిమిదేళ్ల ముందటి ఉదాహరణ మరింత స్పష్టంగా ఉంటుంది. 2004 అధ్యక్ష ఎన్నికల్లో ఒహాయో రాష్ట్రంలో కెన్యన్ కళాశాల ఉన్న గాంబియర్ గ్రామంలో సుమారు 1,300 మంది ఓటర్లకు రెండే యంత్రాలు పెట్టారు. పోలింగ్ వేళలు 13 గంటలు. రెండు యంత్రాలూ ఒక్క క్షణం ఖాళీ లేకుండా పనిచేసినా, జాబితాలోని వారందరూ వస్తే ఒక్కొక్కరికి నిమిషమున్నర కూడా దక్కదు, అది కూడా పొడవైన అమెరికన్ బ్యాలెట్ మీద. కొందరు విద్యార్థులు పది గంటల దాకా నిలబడి ఓటు వేశారు. ఇక్కడ ఒక సాంకేతిక విషయం గమనించాలి. ఓటరు ఆలోచించుకుని గుర్తు పెట్టే సమయమంతా ఖరీదైన యంత్రాన్ని ఆక్రమించుకుని ఉండే పద్ధతిలో యంత్రాల సంఖ్యే క్యూను శాసిస్తుంది. కాగితపు బ్యాలెట్ ఇచ్చి, అట్టముక్కలతో మరుగు కట్టిన బల్లల దగ్గర గుర్తు పెట్టించి, చివర స్కానర్‌లో వేయించే పద్ధతిలో అయితే ఆలోచించే సమయం చవకైన బల్ల మీద గడుస్తుంది, స్కానర్‌కు కొన్ని సెకన్లే పని. జనం ఎక్కువైతే మరో నాలుగు బల్లలు వేస్తే సరిపోతుంది. ఆధునికంగా కనిపించే యంత్రమే పాత కాగితం కన్నా పొడవైన క్యూను తయారుచేయగలదన్నది ఆ ఎన్నిక నేర్పిన వింత.

కేంద్రాల సంఖ్య తగ్గించడం కూడా ఇదే ఫలితాన్నిస్తుంది. అరిజోనాలోని మారికోపా కౌంటీ 2012 ప్రైమరీలో, అంటే పార్టీల అభ్యర్థులను ఎంచుకునే ఎన్నికలో, 200కు పైగా కేంద్రాలు నడిపింది. 2016 మార్చిలో ఖర్చు తగ్గించుకోవడానికి వాటిని 60కి కుదించింది. ఎక్కువమంది తపాలాలో ఓటు వేస్తారన్న అంచనా మీద ఆధారపడ్డారు. కొన్ని చోట్ల జనం ఐదు గంటల దాకా నిలబడ్డారు.

అయితే అందరూ సమానంగా నిలబడరు. ఈ విషయాన్ని సర్వేల మీద ఆధారపడకుండా తేల్చిన పరిశోధన ఒకటి ఉంది. 2016 అమెరికా అధ్యక్ష ఎన్నికల రోజున స్మార్ట్‌ఫోన్ల స్థాన సమాచారం ద్వారా వేల సంఖ్యలో పోలింగ్ కేంద్రాల దగ్గర ఎవరు ఎంతసేపు ఉన్నారో పరిశోధకులు చూశారు. పూర్తిగా నల్లజాతివారు ఉండే ప్రాంతాల ఓటర్లు పూర్తిగా తెల్లవారు ఉండే ప్రాంతాల వారికన్నా 29 శాతం ఎక్కువసేపు వేచి ఉన్నారని, అరగంట దాటి నిలబడే అవకాశం వారికి 74 శాతం ఎక్కువని తేలింది. నిరీక్షణ మొత్తంగా ఎంత అన్నదానికన్నా ఎవరి వాటాకు ఎంత వచ్చిందన్నది నాకు ఎక్కువ ముఖ్యమైన ప్రశ్న అనిపిస్తుంది. నెలజీతం మీద పనిచేసే ఉద్యోగికి మూడు గంటల క్యూ విసుగు మాత్రమే. గంటల లెక్కన కూలి తీసుకునేవారికి, చంటిబిడ్డను ఇంట్లో వదిలి వచ్చిన తల్లికి, ఎక్కువసేపు నిలబడలేని ముసలివారికి అది ఓటుకు చెల్లించే రుసుము లాంటిదే. పైగా ఆ రుసుము ఒక్కసారితో పోదు. క్యూలో గడిపిన ప్రతి అదనపు గంటకూ ఆ ఓటరు తరువాతి ఎన్నికలో ఓటు వేసే సంభావ్యత సుమారు ఒక శాతం పాయింటు తగ్గుతున్నదని అమెరికా సమాచారం మీద జరిగిన మరో అధ్యయనం చూపింది. పొడవైన క్యూను చూసి వెనుదిరిగినవారు ఏ పోలింగ్ శాతంలోనూ కనిపించరు. వారు ఓటు వేయడానికి ఇష్టపడనివారి లెక్కలో కలిసిపోతారు.

క్యూ పొడవుతో పాటు క్యూకు చట్టంలో ఉన్న స్థానం కూడా చూడాలి. సమయం ముగిసేసరికి వరుసలో ఉన్నవారి మాటేమిటి? దీనికి బ్రిటన్ చాలాకాలం కఠినమైన జవాబు చెప్పింది: రాత్రి 10 గంటలలోగా బ్యాలెట్ పత్రం చేతికి అందినవారే ఓటు వేయాలి. సాధారణంగా క్యూలుండని దేశం కాబట్టి ఎవరికీ ఇబ్బంది తెలియలేదు. 2010 మే 6న జరిగిన సాధారణ ఎన్నికల్లో షెఫీల్డ్, లండన్‌లోని హాక్నీ వంటి చోట్ల చాలాసేపటి నుంచి నిలబడి ఉన్నవారి ముఖం మీదే తలుపులు మూసుకున్నాయి. 27 పోలింగ్ కేంద్రాల్లో 1,200 మందికి పైగా ఓటర్లు ఇలా నష్టపోయారని అక్కడి ఎలక్టోరల్ కమిషన్ విచారణలో తేలింది. 2013లో చేసిన చట్టంతో, 10 గంటలకు వరుసలో ఉన్నవారికి కూడా బ్యాలెట్ ఇవ్వవచ్చునన్న నియమం వచ్చింది.

భారతదేశంలో ఈ రక్షణ 1961 నాటి ఎన్నికల నిర్వహణ నియమాల్లోనే ఉంది. గడువు ముగిశాక కొత్తవారిని రానివ్వకూడదు, అప్పటికే కేంద్రం దగ్గర ఉన్నవారందరినీ ఓటు వేయనివ్వాలి. అమలు చేసే పద్ధతి మాత్రం నిబంధన కన్నా ఆసక్తికరం. సమయం కాగానే ప్రిసైడింగ్ అధికారి తన సంతకం, వరుస సంఖ్య ఉన్న చీటీలను పంచుతారు, మొదటి చీటీ క్యూలో ఆఖరున ఉన్న వ్యక్తికి ఇస్తారు. ముందు నుంచి పంచుకుంటూ వస్తే తోక చేరేలోగా మరో పదిమంది వచ్చి కలుస్తారు, వారు ఎప్పుడు వచ్చారో తేల్చడం ఎవరి తరమూ కాదు. తోక నుంచి మొదలుపెడితే ఒకటో నంబరు చీటీయే సరిహద్దు గోడ అవుతుంది. 2024 మేలో ఆంధ్రప్రదేశ్‌లో శాసనసభకూ లోక్‌సభకూ కలిపి పోలింగ్ జరిగి, ఒక్కో ఓటరు రెండు యంత్రాల మీద ఓటు వేయవలసి వచ్చినప్పుడు, సాయంత్రం 6 తరువాత కూడా చాలా కేంద్రాల్లో పోలింగ్ కొనసాగింది, కొన్ని చోట్ల అర్ధరాత్రి దాటింది. ఆ వేళ దాకా పడిన ప్రతి ఓటు చెల్లింది ఈ నియమం వల్లనే. పోలింగ్ సమయాన్ని పొడిగించడం వేరు, క్యూలో ఉన్నవారి హక్కును నిలపడం వేరు. మొదటిది ప్రత్యేక ఉత్తర్వుతో జరగాలి, రెండోది ఎవరి అనుమతీ అక్కర్లేకుండా నడుస్తుంది. ఈ తేడా తెలియక గడియారం చూసి ఇంటికి వెళ్లిపోయేవారున్నారు.

క్యూలో ఉన్న ఓటరును ప్రలోభాల నుంచి కాపాడడం మరో చిక్కు. భారతీయ చట్టం కేంద్రానికి 100 మీటర్లలోపు ప్రచారాన్ని నిషేధించింది, చాలా దేశాల్లో ఇలాంటి గీత ఉంటుంది. అమెరికాలోని జార్జియా రాష్ట్రం 2021లో మరో అడుగు వేసి, కేంద్రానికి 150 అడుగుల లోపల క్యూలో ఉన్నవారికి బయటివాళ్లు నీళ్లు, తిండి ఇవ్వడాన్ని కూడా నేరం చేసింది. ఆహారం పేరుతో ప్రచారం జరగకుండా చూడడమే ఉద్దేశమని సమర్థకులు వాదించారు; క్యూలు పొడవుగా ఉండే ప్రాంతాలనే ఇది దెబ్బతీస్తుందని విమర్శకులు అన్నారు. క్యూ అరగంటలో తరిగిపోయే చోట ఈ వాదానికి తావే ఉండదు. ప్రలోభం సంగతి ఎలా ఉన్నా, వరుస ఓటు రహస్యాన్నే మింగేసిన సందర్భం కూడా చరిత్రలో ఉంది. 1988లో కెన్యాలో అధికార పార్టీ అభ్యర్థుల ఎంపికకు రహస్య బ్యాలెట్ బదులు ఓటర్లను తమకు నచ్చిన అభ్యర్థి వెనుక వరుస కట్టమన్నారు, తలలు లెక్కపెట్టి ఫలితం ప్రకటించారు. ఎవరి వెనుక ఎవరున్నారో ఊరంతా చూసింది. లెక్కలు తారుమారయ్యాయన్న ఆరోపణలు వెల్లువెత్తాయి, ఆ పద్ధతి ఎక్కువకాలం నిలవలేదు.

పొడవైన క్యూ ఎప్పుడూ వైఫల్యానికే గుర్తు అనడం కూడా సరికాదు. 1994 ఏప్రిల్‌లో దక్షిణాఫ్రికాలో మొదటిసారి అన్ని జాతులవారూ ఓటు వేసినప్పుడు మైళ్ల పొడవున సాగిన వరుసల చిత్రాలు ప్రపంచమంతా చూసింది. అప్పుడు ఓటర్ల జాబితా అంటూ లేదు, ఏ కేంద్రానికి ఎందరు వస్తారో తెలిసే మార్గం లేదు, దాదాపు రెండు కోట్ల మంది ఓటు వేశారు, కొన్ని ప్రాంతాల్లో పోలింగును మరో రోజు పొడిగించారు. లెక్కకు అందని రద్దీ అన్న మాట నిజంగా వర్తించే ఎన్నిక అది. ముప్పై ఏళ్ల తరువాత 2024 మే 29న అదే దేశంలో మళ్లీ అర్ధరాత్రి దాటిన క్యూలు కనిపించాయి. ఈసారి జాబితా ఉంది, అనుభవం ఉంది. కానీ స్వతంత్ర అభ్యర్థులకు చోటిస్తూ చట్టం మార్చడంతో ఒక్కో ఓటరుకు మొదటిసారి మూడు బ్యాలెట్లు వచ్చాయి, జాబితాలో పేరు సరిచూసే ఎలక్ట్రానిక్ పరికరాలు చాలా చోట్ల మొరాయించాయి. మొదటి క్యూను చూసి గర్వపడినవారు రెండో క్యూను చూసి కోపగించారు, రెండూ న్యాయమే.

ఆ పరికరాల ప్రస్తావన పరిష్కారాల్లోని చిక్కును కూడా చూపిస్తుంది. గణితం సూచించే మంచి పరిష్కారాల్లో ఒకటి క్యూలను కలపడం. ఇద్దరు అధికారుల ముందు విడివిడిగా రెండు వరుసలుంటే, ఒకరి ముందు జనం ఉండగా మరొకరు ఖాళీగా కూర్చునే సమయం తప్పకుండా వస్తుంది. ఒకే వరుస నుంచి ఎవరు ఖాళీ అయితే వారి దగ్గరికి పంపితే, 90 శాతం రద్దీలో సగటు నిరీక్షణ సగానికన్నా తక్కువకు పడిపోతుంది. అమెరికాలో కొలరాడో రాష్ట్రంలోని లారిమర్ కౌంటీ 2003లో ఈ ఆలోచననే పెద్ద ఎత్తున అమలు చేసి, వార్డుకో కేంద్రం బదులు కౌంటీలో ఎవరైనా ఎక్కడైనా ఓటు వేయగల ఓటు కేంద్రాలను తెరిచింది. కానీ ఎవరైనా ఎక్కడైనా ఓటు వేయవచ్చంటే, ఒకసారి వేసినవారు మరోచోట వేయకుండా అన్ని కేంద్రాల జాబితాలూ కంప్యూటర్లలో అనుసంధానమై ఉండాలి. కాగితపు జాబితాతో నడిచే కేంద్రంలో ఒక బల్ల ఆలస్యమైతే ఒక క్యూ ఆగుతుంది. అనుసంధానం తెగితే అన్ని క్యూలూ ఆగుతాయి. ముద్రించిన జాబితాను పక్కన సిద్ధంగా ఉంచకుండా ఆ దారిలో వెళ్లడం తొందరపాటే.

క్యూనే లేకుండా చేసే మార్గాలు వేరే ఉన్నాయి. ఓటింగును పలు రోజులకు విస్తరించవచ్చు, అమెరికాలోని ఆరెగాన్ రాష్ట్ర ప్రజలు 1998లో నిర్ణయించుకున్నట్లు బ్యాలెట్లను తపాలాలో ఇళ్లకే పంపవచ్చు, 2005 నుంచి ఎస్తోనియా చేస్తున్నట్లు ఇంటర్నెట్ ద్వారా ఓటు వేయనివ్వవచ్చు. వీటికి చెల్లించే మూల్యం కూడా ఉంది. పోలింగ్ కేంద్రంలో మరుగు వెనుకకు ఎవరినీ రానివ్వరు. ఇంట్లో బల్ల దగ్గర ఓటరు వెనుక ఇంటి పెద్ద నిలబడడని చెప్పే హామీ ఏదీ లేదు. అందువల్లనే కావచ్చు, భారతదేశం ఇంటి నుంచి ఓటును అందరికీ ఇవ్వకుండా, 2024లో 85 ఏళ్లు దాటినవారికీ 40 శాతం పైబడిన వైకల్యం ఉన్నవారికీ పరిమితం చేసి, ఆ ఓటు తీసుకోవడానికి అధికారుల బృందాన్నే ఇంటికి పంపింది. ఎక్కువసేపు నిలబడలేనివారిని క్యూ నుంచి తప్పించి, మిగిలినవారి కోసం క్యూను చిన్నది చేయడమన్న ఈ మధ్యేమార్గమే నాకు సమంజసంగా కనిపిస్తుంది.

చిన్నది చేయాలంటే ముందు కొలవాలి. ఓట్ల లెక్క ఒక్కటి తేడా వచ్చినా ఊరుకోని వ్యవస్థలు ఓటర్లు ఎంతసేపు నిలబడ్డారన్నది మాత్రం సాధారణంగా రాసుకోవు. ఇందుకు కెమెరాలు, యాప్‌లు తప్పనిసరి కావు. అమెరికాలో బైపార్టిజాన్ పాలసీ సెంటర్ అనే పరిశోధనా సంస్థ, ఎమ్‌ఐటీ విశ్వవిద్యాలయం కలిసి 2016లో చేయించిన కొలతలో సిబ్బంది గంటకోసారి క్యూలోని మనుషులను లెక్కపెట్టి కాగితం మీద రాశారు, అంతే. లెక్కించిన సంఖ్య నుంచి సమయాన్ని రాబట్టే సూత్రాన్ని జాన్ లిటిల్ 1961లోనే నిరూపించాడు: వరుసలో ఉన్నవారి సంఖ్యను గంటకు బయటికి వెళుతున్నవారి సంఖ్యతో భాగిస్తే నిరీక్షణ వస్తుంది. బయట 60 మంది ఉండి, గంటకు 80 ఓట్లు పడుతుంటే చివరివారికి 45 నిమిషాలు. భారతదేశంలో ప్రతి కేంద్రం నుంచి రెండు గంటలకోసారి పడిన ఓట్ల సంఖ్య ఎలాగూ పైకి వెళుతోంది. భాగహారంలో సగం అప్పటికే అధికారి చేతిలో ఉంది. ఆ వివరం పంపే కాగితంలో తలుపు బయట ఎంతమంది ఉన్నారన్న మరో గడి చేరిస్తే, తరువాతి ఎన్నికకు ఏ కేంద్రాన్ని రెండుగా విడదీయాలో, ఏ బల్లకు మరో మనిషిని ఇవ్వాలో చెప్పే జాబితా పోలింగ్ ముగిసిన రాత్రికే సిద్ధమవుతుంది.